రెండు నిమిషాల నలభై సెకన్లు

"పది సెకన్లు! పట్టుమని పది సెకన్లు కూడా ఉండరా వీళ్లు?" అంటూ ఖాజావలి ల్యాప్‌టాప్ మూత ఠప్పున వేశాడు. ఒళ్లు మండిపోతోంది అతనికి.

గుట్ట మీది దర్గాకు వెబ్‌సైటు పెట్టింది అతనే. నెలకోసారి, మొదటి బేస్తవారం నాడు, టౌను నుంచి ఒక కంటి డాక్టరు వచ్చి ఉచితంగా చూసి మందులిచ్చి పోతాడు. ఆ కబురు చుట్టుపక్కల ఊళ్లకు తెలిస్తే బాగుంటుందని దర్గాను చూసుకునే కాశింపీరా బాబా అన్నాడు. శిష్యుడు ఖాజావలి సరేనన్నాడు. మొదట్లో ఆ సైటులో ఉన్నది ఒక్కటే ముక్క, డాక్టరు ఏ రోజు వస్తాడని.

అక్కడితో ఆగితే ఖాజావలి ఎందుకవుతాడు? ఉరుసు ఊరేగింపు వీడియో పెట్టాడు. జెండాల ఫొటోలు పెట్టాడు. బాబా ఎప్పుడో ఆవులిస్తూ అన్న మాటలు కూడా రంగురంగుల అక్షరాల్లో పెట్టాడు. అన్నీ పెట్టాక, ఎంతమంది వచ్చారు, ఎంతసేపున్నారు అని చూపించే పేజీ ఒకటుందని తెలిసింది. ఇంక చూడండి, తిండీ నిద్రా దాని ముందే. నెలకు నాలుగు వేలమంది వస్తున్నారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే పోతున్నారు.

ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం పన్నాడు. డాక్టరు వచ్చే రోజును పైనుంచి తీసి, అన్నిటికీ అడుగున పెట్టాడు. అది కావాలంటే ఊరేగింపంతా దాటుకుని కిందికి రావాల్సిందే. నెల తిరిగేసరికి పది సెకన్లు కాస్తా రెండు నిమిషాల నలభై అయింది.

"చూశావా బాబా! జనానికి మన దర్గా మీద ప్రేమ పెరిగింది" అని ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

బాబా చూశాడు. ఫోను తిరిగి అతని చేతిలో పెట్టాడు.

ఆ నెల డాక్టరుకు ఏదో పని పడి, బేస్తవారం బదులు రెండు రోజుల ముందే, మంగళవారం నాడు వచ్చి వెళ్లాడు. ఖాజావలి ఆ సంగతి సైటులో పెట్టాడు కూడా. అన్నిటికీ అడుగున.

బేస్తవారం పొద్దున ఆదెమ్మ వచ్చింది. యాభై మైళ్ల అవతలి ఊరు. రెండు బస్సులు మారి, కోడలి చెయ్యి పట్టుకుని రెండొందల మెట్లూ ఎక్కింది. ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. ఉన్న ఒక్క కన్నుకూ చుక్కల మందు అయిపోయి వారమైంది.

"డాక్టరు మొన్ననే వచ్చిపోయాడమ్మా" అన్నాడు ఖాజావలి. "సైటులో పెట్టాం, చూసుకోలేదా?"

ఆదెమ్మ భగ్గుమంది. "ఏంది చూసుకునేది? మా కోడలు ఫోను తీస్తే డప్పులు, జెండాలు, మీ బాబా మొహం! ఎంత జరిపినా ఊరేగింపు అయిపోదే! ఆఖరికి ఫోనులో నెట్టయిపోయింది. నాకున్నది ఒక్క కన్నయ్యా! అది కూడా పోతే నీ జెండాలు నాకు కనపడతాయా?"

బాబా మంచినీళ్లివ్వబోయాడు. ఆమె తీసుకోలేదు. "మీ నీళ్లూ వద్దు, మీ దర్గా వద్దు" అని విసవిసా మెట్లు దిగిపోయింది.

బాబా ఆ పూటే డాక్టరుకు ఫోను చేసి బతిమాలాడు. వచ్చే బేస్తవారం మళ్లీ వస్తానన్నాడాయన. కబురు పెడదామంటే ఆదెమ్మ ఊళ్లో మాత్రం బాబాకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు.

"చదువురాని జనం బాబా! కింద అంత స్పష్టంగా రాసి పెడితే..." అని ఖాజావలి ఇంకా గొణుగుతూనే ఉన్నాడు. బాబా దవడలు బిగుసుకున్నాయి.

మర్నాడు మిట్టమధ్యాహ్నం. "కింద ఆటోలోంచి కందిపప్పు బస్తా దింపారు. పైకి తీసుకురా" అన్నాడు బాబా.

ఎండ నిప్పులు చెరుగుతోంది. ఖాజావలి బస్తా వీపున వేసుకుని, నాలుక పిడచగట్టుకుపోతుంటే పైకొచ్చి, బస్తా పడేసి నీళ్లబానల వైపు తిరిగాడు. మెట్లెక్కగానే ఎడమ పక్కన ఉండాల్సిన బానలు లేవు!

"ఎవడ్రా బానలు తీసింది!" అని అరిచాడు. వంటశాలలోకి పోయాడు. లేవు. జెండాల గదిలోకి తొంగిచూశాడు. లేవు. తిట్టుకుంటూ సమాధి మందిరం చుట్టూ తిరిగాడు. చివరికి అన్నిటికీ వెనక, కట్టెల గుట్ట అవతల దొరికాయి. గటగటా నాలుగు గ్లాసులు తాగి, మొహం ఎర్రగా చేసుకుని తిరిగొచ్చాడు.

"నువ్వా బాబా బానలు మార్చింది? బుద్ధుందా ఎవరికైనా? ఇంత ఎండలో ఎక్కొచ్చేవాడు ముందు నీళ్లడుగుతాడా, జెండాలు చూస్తాడా?"

బాబా చేతి గడియారం చూసుకున్నాడు.

"రెండు నిమిషాల నలభై సెకన్లు తిరిగావు" అన్నాడు. "మన దర్గా మీద నీకు ప్రేమ పెరిగింది రా."

ఖాజావలి తనే వెళ్లి, బానలు ఒకదాని తర్వాత ఒకటి మోసుకొచ్చి ఎప్పటిచోట పెట్టాడు.

తర్వాత ల్యాప్‌టాప్ తీశాడు. అదే లెక్కల పేజీలో, జనం ఏం వెతుక్కుంటూ సైటుకు వచ్చారో చూపించే జాబితా ఒకటుంది. ఇన్నాళ్లూ దాన్ని తెరిచిన పాపాన పోలేదు. 'గుట్ట దర్గా కంటి డాక్టరు ఏ రోజు.' 'కంటి డాక్టరు ఈ వారం ఉన్నాడా.' 'దర్గా డాక్టరు ఎప్పుడు.' వందల కొద్దీ అదే ప్రశ్న. తన మీద తనకే అసహ్యం వేసింది. ఊరేగింపూ జెండాలూ అడుక్కి తోసేసి, డాక్టరు మళ్లీ వచ్చే రోజు, ఫోను నంబరు అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాల్లో పెట్టాడు.

బేస్తవారం వచ్చింది. పైన, మెట్లు ముగిసేచోట గురుశిష్యులిద్దరూ నిలబడ్డారు.

"తొమ్మిది సెకన్లకు పడిపోయింది బాబా" అన్నాడు ఖాజావలి. ఈసారి ఫోను చూపించలేదు. అతని కళ్లు మెట్ల మీదే ఉన్నాయి.

చాలామంది వచ్చారు. ఎండెక్కాక, కోడలి చెయ్యి పట్టుకుని ఆదెమ్మ కనిపించింది. ఇంకా కోపం తగ్గలేదు. "ఫోను తీయగానే పైనే ఉందంది మా కోడలు! ఇవాళైనా ఉన్నాడా మీ డాక్టరు, మళ్లీ జెండాలేనా?" అని సగం మెట్ల మీదినుంచే కేకేసింది.

ఖాజావలి గ్లాసుతో నీళ్లు ముంచుకుని ఆమెకు ఎదురుగా మెట్లు దిగాడు. ఈసారి ఆమె తీసుకుంది.

"ఇప్పుడు మనుషుల్ని లెక్కపెట్టుకో" అన్నాడు బాబా పైనుంచి. "ఒకరు."