చూసేవాళ్ళు లేని ఆట

రాజుగారి కోట బురుజు మీద ఒక గాజుకన్ను ఉండేది. అది చూసిందల్లా దేశంలో ఇంటింటా గాజుపలక మీద కనబడేది. కొండల వైపు అది ఏడాదికొకసారి, పట్టాభిషేకం పండగనాడు తిరిగేది. ఈకలూ పూసలూ రెప్పపాటు చూపి, వంటల పోటీకి వెళ్ళిపోయేది.

ఒక కొండపిల్ల ఆ బురుజులో పనికి చేరింది. మొదట తీగలు చుట్టింది. తర్వాత కన్ను తిప్పింది. ఆ తర్వాత ఎటు తిప్పాలో చెప్పింది. జుట్టు నెరిసే వేళకు కంటిపెద్ద పీట మీద కూర్చుంది. ఇక వార్తలయ్యాక ఇంటింటికీ ఇప్పసారా పోస్తారని కొలువులో వేళాకోళమాడారు. వార్తలు విన్నవాళ్ళకు కావలసింది అదేనని ఆమె ఒప్పుకుంది.

పీటెక్కిన ఏడాదే ఆమె రాజుగారిని ఒకటి కోరింది, పండగ సాయంత్రమంతా కొండ ఆటకే ఇవ్వమని. రాజుగారు ఒక షరతు మీద ఇచ్చారు. జనం గాజుపలకల ముందు నుంచి లేచిపోతే ఆమె పీట పోతుంది. కన్ను మళ్ళీ కొండల వైపు తిరగదు.

కొండ కింద మైదానంలో కన్ను కాపరులు అలవాటుకొద్దీ ఎత్తుగా మంచె కట్టి, బురుజు నుంచి తెచ్చిన కన్నును పైన పెట్టారు. తుడుము మోగింది. ఆడవాళ్ళు ఒకరి నడుము వెనక ఒకరు చేతులు పెనవేసి, లోపలికి తిరిగి థింసా ఆట మొదలుపెట్టారు. దేశానికి వీపులు కనబడ్డాయి. ఊళ్ళలో ఆవులింతలు మొదలయ్యాయి. మంత్రి పరుగున వచ్చి, వాళ్ళను ఇటు తిరిగి ఆడమనమని కంటిపెద్దతో అన్నాడు.

వరస చివరనున్న ముసలామె కంటిపెద్దకు మేనత్త. "అటు తిరిగితే మా మొహాలు మేమెప్పుడు చూసుకోవాలి?" అంది. తర్వాత మేనకోడల్ని ఎగాదిగా చూసింది. "ఆట తావుకొచ్చి నిలబడి చూసేది ఎవరే అమ్మీ? మరిచిపోయావా?"

కంటిపెద్ద చెవులు వేడెక్కాయి. ఆట దగ్గరికొచ్చినవాళ్ళు చెయ్యి కలపాల్సిందే, ఊరికే చూడటం కొండలో లేదు. మంచె కడుతుంటే తనే వద్దనలేదు. ఆమె పైకెక్కి, కన్నును దించి, గుండెకు కట్టుకుని, అత్త నడుము పట్టుకుంది.

గాజుకన్ను పుట్టాక ఎన్నడూ అంత దగ్గరగా మొహాలు చూడలేదు. చెమట, నవ్వు, ఊడిన పన్ను, చెంప మీద పచ్చబొట్టు. వరస పాములా చుట్టుకుని విప్పుకుంది. తల తోకయింది, తోక తలయింది. కన్ను గిర్రున తిరిగింది. దాంతోపాటు దేశమూ తిరిగింది.

ఒక ఊళ్ళో మంగలి, సగం గడ్డంతో ఉన్న మునసబును లేపి నడుము పట్టాడు. ఒక అత్త కోడలి నడుము పట్టింది. ఇద్దరూ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. పాలు పొంగాయి, ఎవరూ దించలేదు. వరసలు వీధుల్లోకొచ్చి ఒకదానికొకటి తగులుకుని, కొండవాళ్ళ వరసతో కలిసి కోటలో దూరాయి.

అక్కడ రాజుగారు ఒక్కరే గాజుపలక ముందున్నారు. పలకలో ఒక తలుపు కనబడింది. ఎక్కడో చూశాననుకున్నారు. తలుపు తెరుచుకుంది. లోపల కుర్చీలో ఎవరిదో వీపు.

"చెయ్యి, దొరా," అంది ముసలామె వెనకనుంచి.

మర్నాడు కొలువులో మంత్రి ఉత్సాహంగా విన్నవించాడు. ఆట ముగిసేసరికి దేశంలో గాజుపలక ముందు ఒక్క మనిషీ లేడు. షరతు ప్రకారం పీట పోయినట్టే. కంటిపెద్ద తల దించుకుంది.

రాజుగారు వాచిన మోకాలికి ఆముదం రాసుకుంటున్నారు. "నీకెలా తెలుసు?" అని మంత్రిని అడిగారు.

"మంచె మీద గాజుపలక ముందు కూర్చుని చివరిదాకా చూశాను, ప్రభూ."

"అయితే ఒకడు చూశాడన్నమాట," అన్నారు రాజుగారు.

తర్వాత కంటిపెద్ద వైపు తిరిగి, వచ్చే పండగకు మంచె కట్టించవద్దని చెప్పారు.