అమాస పీట

చందమామ రాలేదని మూతి ముడుచుకున్నావుటే చిట్టీ? ఇలా నా పక్కకి జరుగు. ఈవేళ అమాస. మామ రాకపోవడమేమిటి, పొద్దున్నే వచ్చాడు! నీకు కనబడలేదంతే. ఎలా అంటావా? ఊఁ కొడుతూ విను మరి.

అనగనగా ఉప్పు పండే ఒక ఊళ్ళో అసిరమ్మ అని ఒకావిడ ఉండేది. సముద్రంలోంచి ఉప్పుటేరు ఆ ఊరిదాకా వచ్చేది. ఆ నీళ్ళు మడుల్లోకి పెట్టి, ఎండబెట్టి, తీసిన ఉప్పుని ఏటిగట్టు వెనకాల కుప్పలు పోసేవాళ్ళు. ఎండాకాలం చివర అసిరమ్మ తమ్ముడు గంగులు నావేసుకుని వచ్చేవాడు. ఆ ఉప్పు ఎక్కించుకుని, బదులుగా ధాన్యం దింపేవాడు. వానలన్నాళ్ళూ అసిరమ్మ పిల్లలు ఆ ధాన్యమే తినాలి. ఇంకో దారి లేదు.

ఆ ఏడు ఏరు సముద్రంలో కలిసేచోట ఇసుక మేట వేసింది. గంగులు నావ లోపలికి రాలేకపోయింది. అప్పుడు అసిరమ్మ కుప్ప మీద తాటాకులు కప్పి, తమ్ముడి కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తూ కూర్చుంది.

ఆవిడకి వాళ్ళమ్మ నేర్పిన అలవాటొకటి ఉంది. అమాస పొద్దున గట్టు మీద పీట వేసి, దానిమీద బెల్లంముక్క పెట్టేది. ఎవరికనుకున్నావు? చందమామకి! భూదేవి మనకి అమ్మ కదా, ఆవిడ తమ్ముడు గనకే ఆయన మనకి మామ. అమాసనాడు సూర్యుడి పక్కనే నడుస్తూ పట్టపగలే అక్కని చూడ్డానికొస్తాడు. వెలుగున్న మొహం అటు తిప్పుకుంటాడు గనక మనకి కనబడడు. అక్కకి మాత్రం తెలిసిపోతుంది. ఆ సంతోషంతోనే సముద్రం పొంగుతుంది.

మొదటి అమాసకి పోటునీళ్ళు గట్టు సగందాకా వచ్చాయి. గంగులు నావ ఇసుక తగిలి వెనక్కి మళ్ళింది.

ఆ తర్వాతి అమాసకి నీళ్ళు గట్టు అంచుదాకా వచ్చి పీటకాళ్ళు తడిపాయి. అప్పుడూ నావ రాలేదు.

అసిరమ్మకి గుండెల్లో రాయి పడింది. మామ నడిచే దారి గుండ్రం కాదే, కోడిగుడ్డులా కాస్త కోలగా ఉంటుంది. ఆ కోలదారిలో అమాస వచ్చే చోటు నెలనెలా మారుతూ ఉంటుంది. అందుకే ఒక అమాసకి దూరంగా ఉంటాడు, ఇంకో అమాసకి బాగా దగ్గరికొచ్చేస్తాడు. పీట తడిసిందంటే మామ దగ్గరవుతున్నాడని అసిరమ్మకి అర్థమైంది. వచ్చే పోటుకి గట్టు మునిగిందంటే ఉప్పంతా కరిగిపోతుంది.

వెళ్ళి ఊరిపెద్ద కూర్మయ్యకి చెప్పింది, గట్టు ఎత్తు చేద్దామని.

"ఏటే అసిరీ, అమాసలన్నీ ఒకటే! మా తాతనాటి గట్టిది, ఎప్పుడు మునిగిందేటి?" అని ఆయన కొట్టిపారేశాడు.

మూడో అమాస రానే వచ్చింది. పొద్దెక్కేసరికి నీళ్ళు గట్టంచు తాకి ఇంకా పైకొస్తున్నాయి. ఊరంతా పరిగెత్తుకొచ్చి నిలబడింది. కానీ ఎవరూ పార అందుకోలేదు. అమాసనాడు పార ముట్టకూడదని ఆ ఊరి కట్టుబాటు మరి.

అప్పుడు అసిరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులా బురద తోడి గట్టు మీద వేసింది.

"పార ముట్టకండి బాబూ, చేతుల్లేవేటి? మామ దగ్గరికొస్తన్నాడు, పీట ఎత్తుగా వెయ్యాల. చుట్టానికి పీటెయ్యడం కూడా పనేనేటి?" అంది.

ముందు కూర్మయ్యే వంగాడు. ఆ తర్వాత ఊరంతా వంగింది. అందరూ చేతులతోనే బురద ఎత్తిపోశారు. దానిమీద అసిరమ్మ మళ్ళీ పీట వేసి బెల్లంముక్క పెట్టింది. నీళ్ళు కొత్తగట్టు అంచుదాకా వచ్చి, పీట మీదికి చిమ్మి బెల్లం కరిగించి, అక్కడ ఆగాయి.

అంతలో ఏటిమీంచి "అప్పా!" అని అక్కని పిలుస్తూ కేక. మామ దగ్గరికొచ్చి తెచ్చిన పోటు కదా, ఇసుకమేట నీళ్ళ అడుక్కి వెళ్ళిపోయింది. దానిమీంచి తేలుకుంటూ గంగులు నావ నేరుగా గట్టుకే వచ్చి ఆనింది. గంగులు దిగి, ఆ తడిపీట మీదే చతికిలబడ్డాడు. అసిరమ్మ బురదచేతులతోనే తమ్ముడి మొహం పట్టుకుని ఏడ్చేసింది.

ఆ అసిరమ్మ మా అమ్మమ్మే. మా అమ్మ కూడా అమాసకి ఆ పీటే వేసేది. మామ కంటే ముందే మా తమ్ముడు బెల్లం కాజేసేవాడు! ఇప్పుడా మడులూ లేవు, వాడూ లేడు. అమాస వచ్చిందంటే వాడి మీద బెంగ పుడుతుందే నాకు.

పొద్దున బాల్కనీలో నేను పీట వేస్తే ఎవరికమ్మమ్మా అని అడిగావు కదూ? ఇలా నా వైపు తిరుగు. ఏదీ, నోరు చూపించు. దానిమీది బెల్లంముక్క ఏమైందే, దొంగా?

పోన్లే. చాలా రోజులకి మళ్ళీ మనింట్లో ఎవరో మామ బెల్లం తిన్నారు.

కథేమో కంచికి, నావేమో రేవుకి,
చందమామేమో అక్కగారింటికి,
బెల్లందొంగేమో నిద్దరింటికి!