వంటపుస్తకంలో మూడు కాగితాలు

మాబుసాబుకు తన పుస్తకం మీద ఎవరో కన్నేశారని అనుమానం.

పెన్న ఒడ్డున ఉన్న ఆ దర్గాలో ప్రతి గురువారం మూడు వందల మందికి అన్నం పెడతారు. పాత వంటాయన పోయాక ఒక వారం అన్నం మాడింది, ఒక వారం పప్పు ఉడకలేదు.

"రేపు ఎవరొచ్చినా తడుముకోకుండా, పని ఎట్లా చేయాల్నో రాసిపెట్టు నాయనా" అన్నాడు గురువు ఖాసింపీరు, శిష్యుడు మాబుసాబుతో.

మాబుసాబు వాళ్లనీ వీళ్లనీ అడిగి, ఏడాదిపాటు కూర్చుని ఎనభై కాగితాలు రాశాడు. ఆకుపచ్చ గుడ్డలో చుట్టి, అత్తరు పూసి, పెట్టెలో పెట్టి తాళం వేశాడు. చదవాలంటే తన దగ్గరికే రావాలి. రోజూ సాయంత్రం కాగితాలు లెక్కపెట్టుకునేవాడు.

ఒకరోజు డెబ్బై ఏడే తేలాయి.

ఇక అతని కంటికి అందరూ దొంగలే. నీడకు కూర్చున్న ఫకీరు జోలె కూడా తడిమి చూశాడు, సిగ్గులేకుండా. పుస్తకం మాట ఎత్తగానే వంటమనిషి హుసేనమ్మ మొహం తిప్పుకుంది. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే అనుకుని, ఎప్పుడూ తొంగిచూడని వంటింట్లోకి దూరాడు.

పొయ్యి వెనక గోడకు గంజితో అంటించి ఉన్నాయి మూడూ. పసుపు మరకలు, నూనె, మసి. హుసేనమ్మను వెంటబెట్టుకుని గురువు దగ్గరికి పోయాడు.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టే మనిషి. ఈరోజే పంపించేయండి బాబా" అన్నాడు గురువు ముందు.

హుసేనమ్మకు ఈ దర్గా తప్ప వేరే దిక్కు లేదు. అయినా దాచలేదు.

"నేనే చించినా సామీ, ఈయన పెట్టె తెరిచి పక్కకు పోయినప్పుడు. చూసిపోతానంటే కాళ్లూ చేతులూ కడుక్కుని రమ్మంటాడు. అంతలోపల అడుగంటుతాది."

"ఏ కాగితాలమ్మా?"

"నీళ్ల కొలత, ఉప్పు కొలత, మంట ఎప్పుడు తీయాల్నో అది."

గురువు పుస్తకం తెప్పించి, గుడ్డ విప్పి ఆమె ఒళ్లో పెట్టాడు.

"ఇంకా ఏం కావాల్నో చించుకోమ్మా."

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని ఒక్కొక్క కాగితమూ తిప్పింది. గురుపరంపర. అన్నదాన మహిమ. అగ్ని గుణాలు. ఇదే చించుతుంది, ఇదే చించుతుంది అనుకుంటూ మాబుసాబు ఆమె వేళ్లనే చూస్తున్నాడు.

చివరిదాకా తిప్పి, మళ్లీ గుడ్డ చుట్టి, రెండు చేతులా అతనికే ఇచ్చింది.

"ఏమొద్దు నాయనా. నీ దగ్గరే ఉండనీ."

"పోమ్మా, పొయ్యి చూసుకో" అన్నాడు గురువు.

మాబుసాబు లేచి, వంటింటి గడప దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"అక్కా, నాలుగో కాగితంలో ఏం రాయమంటావు?"