ముందే కప్పిన శాలువా

ఒకానొక రాజ్యంలో వానలకు కరువొచ్చిందేమో గానీ మాటలకు ఏనాడూ రాలేదు. ఆ రాజ్యం పేరు చిత్రగిరి. దాని ప్రభువు ప్రచండవర్మ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. లోకంలో పుట్టే కొత్త ఆలోచనలన్నీ తన కొలువులోనే పుడతాయని ఆయన గట్టి నమ్మకం. అందుకని ఏటా వరి కోతల వేళ నవభావ సభ అని ఒకటి వారం రోజులు జరిపించేవాడు. పండితులు కొత్త ఆలోచనలు చెప్పాలి, చుట్టుపక్కల ఊళ్ళ జనం కూర్చుని చప్పట్లు కొట్టాలి. రానివాళ్ళను భటులు వెళ్ళి తీసుకొచ్చేవారు.

ఆ కొలువులో మర్యాదలు చూసే పని తిప్పనది. వచ్చినవాళ్ళ మీద పన్నీరు చల్లడం, తాంబూలం అందించడం, ప్రసంగం ముగించిన పండితుడికి శాలువా కప్పి నాలుగు పొగడ్తలు చెప్పడం. పొగడటంలో అతణ్ణి మించినవాడు లేడు. లోపల ఏమనుకునేవాడో అతనికే తెలుసు.

ఆ ఏడు సభకు ముందు రోజు తిప్పన అక్క సూరమ్మ భటుల వెంట నగరానికి వచ్చింది. వస్తూనే తమ్ముడి మీద విరుచుకుపడింది.

"కోసిన వరి పనల మీదే వదిలేసి వచ్చాంరా. మబ్బు పడుతోంది. పోయినేడు ఇలాగే చప్పట్లు కొట్టి ఇంటికెళ్ళేసరికి కంకులన్నీ మొలకెత్తి ఉన్నాయి. నువ్వు కొలువులో ఉండి మాకేం ఒరగబెట్టావు?"

తిప్పనకు ముఖం చెల్లలేదు. వెంటనే రాజుగారి దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పబోయాడు. ప్రచండవర్మ మీసం సవరించుకుని, అది ఆలోచన అయితే సభలో చెప్పాలనీ, మనవి అయితే సభ అయిపోయాక చెప్పాలనీ సెలవిచ్చాడు. సభ అయ్యేదాకా వాన ఆగుతుందా అని అడిగే ధైర్యం తిప్పనకు అప్పటికింకా రాలేదు.

సభలో ఎవరు మాట్లాడాలో తేల్చేది ఆస్థాన పండితుడు పేరిశాస్త్రి. తిప్పన ఆయన ఇంటికి వెళ్ళి, తనకూ కాస్త అవకాశం ఇప్పించమని బతిమాలాడు. కొత్త ఆలోచన అన్నాక దానికి పాత గ్రంథంలో ఆధారం ఉండాలన్నాడు శాస్త్రి. చూపిస్తానన్నాడు తిప్పన. శాస్త్రి ఇంకో మెలిక పెట్టాడు.

"ఈ సభలో ఇదివరకు మాట్లాడినవారికే మాట్లాడే అర్హత."

"మరి మొదటిసారి మాట్లాడాలంటే ఎలాగండీ?"

"ఇదివరకు మాట్లాడి ఉండాలి," అని శాస్త్రి తలుపు వేసుకున్నాడు.

ఆ నియమం పుణ్యమా అని ఆ పండితులే ఏటా వచ్చేవారు. ఆ ఆలోచనలే చెప్పేవారు. కొత్తగా కనిపించేది వాళ్ళ భుజాల మీది శాలువాలే.

ఇంటికి వస్తూ దారంతా తిప్పన ఆ శాలువాల గురించే ఆలోచించాడు. వాటి వెనక ఒక కట్టుబాటు ఉంది. శాలువా కప్పించుకున్నవాడు ఇక ఆ సభలో నోరు విప్పకూడదు. సత్కారం అందాక మాట్లాడితే ఇంకా కావాలని అడిగినట్టు ఉంటుందట. మాట్లాడి తీరాలంటే శాలువా తిరిగి ఇచ్చెయ్యాలి. రాజుగారి తాతగారు పెట్టిన కట్టుబాటది. పాపం, ఆయన కూడా చాలా ప్రసంగాలు విన్నవాడే.

మర్నాడు సభ నిండింది. పేరిశాస్త్రి లేచి, గొంతు సవరించుకున్నాడు. ఆయన నోరు తెరిచేలోగా తిప్పన శాలువా పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. ఇంకా ప్రసంగమే కాలేదే అన్నట్టు చూశాడు శాస్త్రి.

"తమరు మాట్లాడాక కప్పితే ఆ మాటలకు సత్కారం. మాట్లాడకముందే కప్పితే తమకు సత్కారం. తమరి పాండిత్యం తెలుసుకోవడానికి తమరు మాట్లాడాలా ఏమిటి?" అన్నాడు తిప్పన.

శాస్త్రి మెడ దానంతటదే వంగింది. తిప్పన శాలువా కప్పి, నిండు మనసుతో నాలుగు మాటలు పొగిడాడు. చప్పట్లు మోగాయి. శాస్త్రి ప్రసంగం మొదలుపెట్టబోయాడు. అప్పుడు గుర్తొచ్చింది కట్టుబాటు. తెరిచిన నోరు మూసుకుని కూర్చున్నాడు.

రెండో పండితుడికి సంగతి అర్థమైంది. కానీ శాస్త్రికి ముందే కప్పి తనకు తరువాత కప్పితే తాను తక్కువైనట్టే కదా. తనకూ ముందే కప్పమని సైగ చేశాడు. మూడోవాడు మెడ వంచుకునే వచ్చాడు. వారం రోజులు సాగాల్సిన సభలో మొదటి రోజు ఎండ ముదరకముందే పండితులందరూ అయిపోయారు. వరసగా శాలువాలు కప్పుకుని, చెమటలు కక్కుతూ, బెల్లం కొట్టిన రాళ్ళలా కూర్చున్నారు.

ప్రచండవర్మ బిత్తరపోయాడు. మాట్లాడేవారు ఇంకెవరూ లేరా అని అడిగాడు.

"నేనున్నాను ప్రభూ," అన్నాడు తిప్పన. "ఈ సభలో ఇదివరకు మాట్లాడినవారికే అర్హతన్నారు శాస్త్రిగారు. పొద్దుటి నుంచి మాట్లాడింది నేనొక్కణ్ణే."

పేరిశాస్త్రి అభ్యంతరం చెప్పడానికి ఉలిక్కిపడి లేచాడు. చెప్పాలంటే శాలువా ఇచ్చెయ్యాలి. దాని జరీ అంచు ఒకసారి తడిమి చూసుకుని మళ్ళీ కూర్చున్నాడు.

రాజు సరేనన్నాడు. తిప్పన చేతులు కట్టుకుని తన ఆలోచన చెప్పాడు. "వినేవాళ్ళను ఇళ్ళకు పంపెయ్యండి."

"ఇదీ ఒక కొత్త ఆలోచనేనా?"

"ఈ సభ పెట్టినప్పటి నుంచి ఎవరికీ తట్టలేదు గనక కొత్తదే ప్రభూ. కోతలప్పుడు రైతు పొలంలో ఉండాలని పాత గ్రంథాలన్నీ చెబుతూనే ఉన్నాయి గనక ఆధారమూ ఉంది. వీళ్ళ వరి పనల మీదుంది, వాన నెత్తి మీదుంది. ఈ వరి తడిస్తే వచ్చే ఏడు చప్పట్లు కొట్టడానికి వీళ్ళకు ఓపిక ఉండదు."

జనం గుసగుసలాడారు. ప్రచండవర్మ బాగానే ఉందన్నట్టు తలపంకించి, సింహాసనం మీంచి లేచాడు.

"ఈ విషయంపై మేమూ రెండు మాటలు సెలవిస్తాం," అన్నాడు.

రాజుగారి రెండు మాటలు పొద్దు గూకేదాకా సాగుతాయని పసిపిల్లలకు కూడా తెలుసు. తూర్పున ఉరిమింది. జనంలోంచి సూరమ్మ ఆకాశం వైపు చూసింది, ఆ తరువాత తమ్ముడి వైపు చూసింది.

పళ్ళెంలో ఇంకొక్క శాలువా మిగిలి ఉంది. రోట్లో తలపెట్టాక రోకటి పోటుకు వెరవడం దేనికి? తిప్పన దాన్ని తీసుకుని, మెట్లెక్కి, రాజుగారి భుజాల మీద కప్పేశాడు.

భటులు కత్తుల మీద చెయ్యి వేశారు. ప్రచండవర్మ నోరు తెరిచాడు. తాతగారి కట్టుబాటు అడ్డొచ్చింది. విప్పి ఇచ్చేద్దామని శాలువా అంచు పట్టుకున్నాడు. అంతలో ఎదురుగా అలాగే అంచు పట్టుకుని చెమటలు కక్కుతున్న పేరిశాస్త్రి కనిపించాడు. రాజుగారి బొజ్జ ముందు మెల్లగా కదిలింది, ఆ పైన గట్టిగా కదిలింది, చివరికి ఆయన సింహాసనం మీద కూలబడి కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. మాట్లాడే వీలు లేదు గనక, కోట తలుపులు తెరవమని చేత్తోనే సైగ చేశాడు.

జనం ఒక్క పరుగున వెళ్ళారు. సూరమ్మ వెళుతూ వెళుతూ, "ఇన్నాళ్ళకు నోరు పనికొచ్చిందిరా," అంది. సాయంత్రం వాన దంచికొట్టింది. అప్పటికి ఊళ్ళలో పనలన్నీ కుప్పలకెక్కాయి.

మర్నాడు రాజు తిప్పనకు బంగారు కడియం తొడిగాడు. సభ కోతలయ్యాకే జరగాలనీ, ఇష్టమున్నవాళ్ళే రావాలనీ, శాలువా ఎప్పుడు కప్పాలో తిప్పన ఇష్టమనీ ఆజ్ఞ వేశాడు. తిప్పన ఇంకేదో కోరబోతే, తన భుజం మీది శాలువా తీసి గబుక్కున అతనికి కప్పేశాడు.

ఆ రాజ్యం ఇప్పుడు లేదు. శాలువాలు మాత్రం ఉన్నాయి. మనవాళ్ళు వాటిని ప్రసంగం అయ్యాక కప్పుతున్నారు, వచ్చిన చిక్కల్లా అదే.