నాలుగు వేళ్ళంత చోటు

పైడయ్యకు ఒకటే బాధ. పటంలో నాలుగు వేళ్ళంత చోటు ఖాళీగా ఉండిపోయింది.

కోరంగి రేవులో ఓడలకు దారి పటాలు గీసే లింగన్న దగ్గర అతను పదకొండేళ్ళుగా శిష్యుడు. ఆ ఏడు ముసలితనంతో కదలలేక గురువు అతన్నే సముద్రం మీదికి పంపాడు. తూర్పున ఎవరూ సరిగ్గా చూడని దీవుల మధ్య పైడయ్య ఏడు నెలలు తిరిగాడు. తాడుకు కట్టిన సీసపు గుండు నీళ్ళలో వదిలి, ఎన్ని బారల లోతో కొలిచాడు. గుండు అడుగున పూసిన కొవ్వుకు అంటుకొచ్చిన మట్టిని వేలితో నలిపి, ఇసుకో బురదో రాసుకున్నాడు. రెండు దీవుల మధ్య ఒక ఇరుకు దారి దగ్గర మాత్రం జ్వరమొచ్చి రెండు రోజులు ఒళ్ళు తెలియకుండా పడున్నాడు. లేచేసరికి ఓడ ఆ ఇరుకు దాటేసింది.

జ్వరం ఎవరికైనా వస్తుంది. కానీ ఆ మాట చెప్పుకోవడానికి పైడయ్యకు నామోషీ.

ఇంటికొచ్చాక ఆ ఇరుకుకు ఇటు చివర పన్నెండు బారలు, అటు చివర ఏడు బారలు చూసుకుని, మధ్యలో పదకొండు, పది, తొమ్మిది, ఎనిమిది అని వేశాడు. పక్కన నల్ల బురద అని అందంగా రాశాడు. పటం నిండుగా, ముచ్చటగా తయారైంది.

“ఖాళీ లేని పటం మన రేవులో ఇదే మొదటిది, గురువుగారూ. మీ సంతకం పడితే చాలు.”

లింగన్న వేలు పటం మీద పాకుతూ వచ్చి ఆ ఇరుకు దగ్గర ఆగింది.

“సముద్రం ఇక్కడ మెట్లు కట్టినట్టు దిగిందే.”

“అవునండి.”

ముసలాయన పటాన్ని దగ్గరికి లాక్కున్నాడు. కలం ముంచి సంతకం చేశాడు.

“మీ అన్న ఓడ ఇవాళే ఆ దీవులకి బయల్దేరుతోందట కదా. తీసుకెళ్ళి వాడి చేతికియ్యి.”

పటం ఎవరికో ఇస్తారనుకున్నాడు పైడయ్య. ఎవరికో అయితే బాగానే ఉండేది.

రేవులో అతని అన్న పోలయ్య లంగరు ఎత్తించే హడావిడిలో ఉన్నాడు. ఆ ఓడను నడిపించే తండేలు అతనే. తమ్ముణ్ణి చూడగానే చెయ్యి చాపాడు.

“తేరా, తే! నువ్వు గీసిన దారుంటే నాకింక బెంగేటి? ఆ ఇరుకులోంచి తెరచాపలన్నీ ఎత్తేసి దూసుకుపోతాను.”

ఓడ మీద ముప్పై మంది ఉన్నారు. వాళ్ళలో ఒకడు పాట ఎత్తుకున్నాడు. పైడయ్యకు భయం వేసింది. మొలలోని కత్తి తీసి, అక్కడే ఒక పెట్టె మీద పటం పరిచి, ఆ అంకెల్ని బురదతో సహా గీకేశాడు.

“ఏట్రా ఇది! లింగన్నగారు సంతకం పెట్టిన పటానికి కత్తి పెడతావా? మతి పోయిందా?”

“అక్కడ నేను చూళ్ళేదన్నా. జ్వరంతో పడున్నాను. ఆ అంకెలు నేనే ఏసీసాను.”

పోలయ్య తమ్ముణ్ణి తిట్టాల్సిన నాలుగూ తిట్టాడు. పటం చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

పైడయ్య తిరిగొచ్చి గురువు ఎదుట తల దించుకుని నిలబడ్డాడు. పదకొండేళ్ళ చదువు ఇవాళ్టితో సరి అనుకున్నాడు.

“మీరు సంతకం చేసిన పటాన్ని పాడు చేశానండి. మళ్ళీ ఖాళీ పడింది.”

“మీ అన్న ఏమన్నాడు?”

“తిట్టాడు. అక్కడికొచ్చాక చాపలు దించేసి, ముందు ఒక మనిషిని నిలబెట్టి, గుండు వేయించుకుంటూ మెల్లగా పోతానన్నాడు.”

లింగన్న కలం కడిగి పక్కన పెట్టాడు.

“అయితే నా సంతకానికి ఢోకా లేదు.”