అద్దంలో చూసుకున్న చెయ్యి

పార్వతీపురం బస్టాండు వెనక సెలూన్ నడుపుకునే గవర్రాజు మంచి పనివాడే గాని, తనలో ఏ లోటున్నా పైకి తెలియనివ్వని మొండివాడు. జ్వరం వస్తే "ఎండ దెబ్బ" అనేవాడు. కళ్ళు మసకబారితే "బల్బు వెలుగు చాలట్లేదు" అనేవాడు.

ఒక చలికాలం ఆయనకు పక్షవాతం వచ్చింది. దేవుడి దయవల్ల కాలూ చెయ్యీ మళ్ళీ కదిలాయి. కాని కుడి చేతికి స్పర్శ పోయింది. ఆ చేతిలో ఏముందో, ఆ చెయ్యి ఎక్కడుందో కళ్ళతో చూసుకుంటేగాని తెలిసేది కాదు.

విశాఖపట్నంలో ఒక పరిశోధనశాల ఉండేది. మెదడు చెప్పిన మాటను కండరాలు ఎలా వింటాయో అక్కడ పరీక్షలు చేసి తెలుసుకునేవారు. ఆసుపత్రివాళ్ళు గవర్రాజును అక్కడికి పంపించారు. ఇందుమతి అనే డాక్టరమ్మ ఆయన చేతికి తీగలున్న బిళ్ళలు అంటించి, తీరిగ్గా వివరించింది.

"మెదడు చేతికి కబురు పంపుతుంది బాబాయ్. 'పట్టుకున్నాను, ఇంత గట్టిగా పట్టుకున్నాను' అని చెయ్యి తిరిగి జవాబు చెప్పాలి. మీకు కబురు వెళ్తోంది, జవాబు రావడంలేదు. ఆ జవాబు మీ కళ్ళే చెబుతున్నాయి."

"చూస్తూ చేస్తే పరవాలేదు కదమ్మా?"

"చూపు తప్పిన క్షణం ఆ చెయ్యి మీది కాదు. అది కనబడకుండా అట్ట అడ్డం పెట్టి పరీక్ష చేస్తాను. అప్పుడు కూడా పట్టు నిలిస్తేనే కత్తి పట్టాలి. అందాకా వద్దు. ఇంట్లో రోజూ బంతి పిసికే వ్యాయామం చేయండి."

చిన్నప్పటినుంచీ తన దగ్గరే క్షవరం చేయించుకున్న కుర్రాడు దుర్గాప్రసాద్ పెళ్ళి దగ్గర పడుతోంది. ఆ పిల్లాడి పుట్టువెంట్రుకలు తీసింది గవర్రాజే. తనను పెళ్ళికొడుకుని చేసే రోజు, పీట మీద కూర్చోబెట్టి గడ్డం గీసి గోళ్ళు తీసేది కూడా గవర్రాజు మావేనని ఆ అబ్బాయి ఎప్పుడో మాట తీసుకున్నాడు. ఆ రోజు ఇంకెవరో కత్తి పడితే ఊళ్ళో తన పేరు పోయినట్టేనని గవర్రాజు భయం.

పరీక్ష రోజు వచ్చింది. డాక్టరమ్మ ఆయన చేతిలో తీగ కట్టిన మెత్తటి బంతి పెట్టింది. బంతి జారినా చప్పుడు కాకుండా చేతి కింద దుప్పటి మడత వేసింది. ముఖానికీ చేతికీ మధ్య అట్ట నిలబెట్టింది. పట్టు బిగిస్తే కంప్యూటర్ తెర మీద గీత లేస్తుంది, వదులైతే పడిపోతుంది. ఆ తెరను తనవైపు తిప్పుకుంది.

గవర్రాజుకు చెయ్యి ఉందో లేదో తెలియడంలేదు. తల ఎత్తి ఎదురుగా చూశాడు. అక్కడ అద్దాల తలుపుల బీరువా ఉంది. ఆ అద్దంలో బంతీ వేళ్ళూ చక్కగా కనిపిస్తున్నాయి. జీవితమంతా అద్దంలోకి చూస్తూ పని చేసిన మనిషికి ఇంకేం కావాలి? వేళ్ళు సడలినప్పుడల్లా బిగించాడు. తెర మీద గీత వంగలేదు.

"ఇంత తొందరగానా బాబాయ్!" అని డాక్టరమ్మ సంబరపడింది. "నాకే నమ్మకం కుదరడంలేదు. కత్తి పట్టుకోవచ్చు."

గవర్రాజు తలొంచుకుని దండం పెట్టి బయటపడ్డాడు.

ఇంట్లో భార్య పైడమ్మ ఊరుకోలేదు. "అదేటయ్యా, నాతో మాట్లాడుతుంటే టీ గ్లాసు జారిపోయింది. నయమైందంటావేటి?"

"నువ్వు గ్లాసు సరిగ్గా తోమలేదు. జిడ్డు."

"జిడ్డు గ్లాసుకి కాదు, నీ బుద్ధికుంది. పోయి ఆ డాక్టరమ్మకి నిజం చెప్పు."

"పెళ్ళయ్యాక చెబుతాలే."

పెళ్ళికొడుకుని చేసే రోజు పందిరి నిండా చుట్టాలు. దుర్గాప్రసాద్ పీట మీద కూర్చుని తల పైకెత్తాడు. గవర్రాజు సబ్బు నురగ రాసి, కత్తి విప్పి, మెడ మీద ఆనించాడు. రెప్ప వేయకుండా కత్తినే చూస్తూ గీశాడు. ఒక వైపు అయింది. ఊపిరి పీల్చుకుని రెండో వైపు మొదలుపెట్టాడు.

"బాబాయ్, ఇటు చూడు!" అన్నాడు ఫొటోగ్రాఫర్. "కత్తి అలాగే ఉంచి, నవ్వు మొహం పెట్టు."

"పని కానీ బాబూ" అన్నాడు గవర్రాజు, చూపు తిప్పకుండా.

"ఏటి బావా, కొత్త పెళ్ళికూతురిలాగ సిగ్గుపడుతున్నావు!" అని పెళ్ళికొడుకు మేనత్త ఎకసెక్కం ఆడింది. పందిరంతా నవ్వారు. చెయ్యి తీసేసి, "నా వల్ల కాదు" అంటే చాలు. కాని అంతమందిలో ఆ మాట నోటికి రాలేదు.

"ఒక్కసారి చూడు మావా" అన్నాడు దుర్గాప్రసాద్ నవ్వుతూ. "ఆల్బమ్‌లో నీ మొహం లేకపోతే ఎలాగ?"

గవర్రాజు కెమెరా వైపు చూశాడు. నవ్వాడు. కెమెరా లైటు తళుక్కుమంది. చెయ్యి కదలకుండా ఉందనే అనుకున్నాడు.

మేనత్త కెవ్వున అరిచింది.

తిరిగి చూసేసరికి తెల్లటి నురగ ఎర్రబడుతోంది. చెవి కింద కోత పడింది. కత్తి ఇంకా అక్కడే ఆనుకుని ఉంది. అది మెడలోకి దిగుతుంటే ఆయన చేతికి తెలియనే లేదు. ఎడమ చేత్తో కుడి చేతిని పట్టి లాగి, కత్తి పారేసి, భుజం మీది తువ్వాలు గాయానికి అదిమాడు. దుర్గాప్రసాద్ ముఖం పాలిపోయింది. ఆర్.ఎం.పి. డాక్టరును పిలవడానికి ఎవరో పరుగెత్తారు.

"నీ లైటు వల్లే కదరా, ఆయన కళ్ళు బైర్లు కమ్మాయి!" అంటూ పెళ్ళికొడుకు బాబాయ్ ఫొటోగ్రాఫర్ చొక్కా పట్టుకున్నాడు. "గవర్రాజు చెయ్యి ఇన్నేళ్ళలో ఎప్పుడైనా తప్పిందా?" అంటూ మిగతావాళ్ళూ మీదికి వెళ్ళారు. ఫొటోగ్రాఫర్ గవర్రాజు వైపు చూశాడు.

నోరు మూసుకుంటే చాలు, గవర్రాజు పేరు నిలబడిపోతుంది.

"అతన్ని వదలండి" అన్నాడు గవర్రాజు. ఎవరూ వినిపించుకోలేదు. మళ్ళీ గట్టిగా అన్నాడు. "లైటు కాదు. నా చేతికి స్పర్శ లేదు. తెలిసే కత్తి పట్టాను."

ఫొటోగ్రాఫర్ చొక్కా వదిలేశారు. డాక్టరు వచ్చి కుట్లు వేసి, "ఇంకొంచెం లోపలికి దిగుంటే నా దాకా వచ్చేది కాదు" అన్నాడు. దుర్గాప్రసాద్ మెడకు కట్టుతోనే పెళ్ళి పీటల మీద కూర్చున్నాడు. గవర్రాజు వైపు మాత్రం చూడలేదు.

మర్నాడే గవర్రాజు విశాఖపట్నం బస్సెక్కాడు. అద్దంలో చూసుకున్న సంగతి నుంచి కత్తి దిగిన దాకా డాక్టరమ్మకు అంతా చెప్పాడు.

"మీరు బాగుపడ్డారని, మీలాంటి ఇంకొకామెకు కూడా ఈ వ్యాయామం చాలనుకున్నాను. ఆమె మరిగే నూనె దగ్గర బజ్జీలు వేసుకుని బతుకుతుంది బాబాయ్" అంది డాక్టరమ్మ.

గవర్రాజు లేచాడు. భుజం మీది తువ్వాలు తీసి బీరువా అద్దాల మీద కప్పాడు. వచ్చి కుర్చీలో కూర్చుని చెయ్యి చాపాడు. "ఇప్పుడు చూడమ్మా."

డాక్టరమ్మ బంతి పెట్టి, అట్ట నిలబెట్టింది. గవర్రాజు పళ్ళు బిగించి, గోడ వైపు చూస్తూ పట్టుకునే ఉన్నాననుకున్నాడు. కొంతసేపటికి డాక్టరమ్మ ముఖం చూసి అడిగాడు.

"పడిపోయిందా అమ్మా?"

"ఎప్పుడో పడిపోయింది బాబాయ్."

"అయితే అలాగే రాసుకో తల్లీ. నేర్పు, మొదటినుంచీ నేర్చుకుంటాను."

మనల్ని బాగుచేయాలని పరీక్షించేవారి దగ్గర లోటు దాచుకుంటే, ఆ లోటు మనతో ఆగదు. మనల్ని నమ్మి మెడ అప్పగించినవారినీ కోస్తుంది.