హారతి పళ్లెం చేతులు మారే చోట

శిష్యురాళ్లు ఏది అడిగినా చామర్తి కనకాంబగారు వెంటనే జవాబు చెప్పరు. "చెప్పులేసుకో" అంటారు. కాకినాడలో కూర్చుని రెండొందల పైచిలుకు కీర్తనలు కట్టిన ఆ తల్లి పాఠాలు సగం వీధుల్లోనే జరిగాయని ఆ ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ శుక్రవారం పొద్దున హైమవతి వెళ్లేసరికి ఆవిడ అమ్మవారికి మల్లెమాల కడుతున్నారు. హైమవతి కాలేజీలో లెక్కలు చెబుతుంది. పన్నెండేళ్లు ఆవిడ దగ్గర నేర్చుకుని, మొన్ననే తొలిసారి సొంతంగా ఒక కీర్తన కట్టింది. ఆదివారం సభలో దాన్ని మందాకిని అనే గాయని పాడబోతోంది. సాధన చేస్తూ ఆ అమ్మాయి పంపిన రికార్డింగు విన్న దగ్గర్నించీ హైమవతికి అన్నం సయించడం లేదు. తను చకచకా నడిపిన పల్లవిని మందాకిని నింపాదిగా సాగదీసింది, పైగా తను పెట్టని సంగతి, స్వరాల మెలిక ఒకటి చేర్చింది. "నా కీర్తన పాడవద్దు" అని హైమవతి ఫోనులో రాసి ఉంచుకుంది. పంపడమే తరువాయి.

"అమ్మా, మనం కట్టిన పాటని ఇంకొకరు మార్చేస్తుంటే చూస్తూ ఊరుకోవాలా?"

కనకాంబగారు మాలకి ముడి వేసి, దేవుడి గదిలో పెట్టి వచ్చారు.

"చెప్పులేసుకో. పక్క వీధిలో సీమంతం, పిలిచారు."

అక్కడ మోచేతుల దాకా గాజులు తొడిగించుకుని ఒక పిల్ల పీట మీద కూర్చుని ఉంది. పెద్దావిడ కదా అని కనకాంబగారిని హారతి పాడమన్నారు. ఆవిడ తను కట్టిన పాటే అందుకున్నారు, నలభై ఏళ్ల కిందట చెల్లెలి సీమంతానికి కట్టినది. అప్పటినుంచి అది ఇంటింటికీ పాకిపోయింది. ఎవరు కట్టారో అక్కడున్న వాళ్లకి తెలియదు. అందరూ గొంతు కలిపారు. ఆఖరి చరణంలో "కడుపు చలవ తల్లికీ కర్పూర హారతీ" అని కనకాంబగారు ఆపేశారు. మిగతావాళ్లు ఆపలేదు.

పళ్లెం పట్టుకున్న పాపాయమ్మ నొచ్చుకుంది. "అక్కడ ఆపేస్తే ఎలాగండీ మామ్మగారూ? పళ్లెం అయిదుగురి చేతులు మారాలా వద్దా? మా అత్తగారు పాడే తీరు వినండి."

పాపాయమ్మ "హారతీ" అన్న మాటని పైనుంచి మెల్లగా జార్చి, రెండుసార్లు తిప్పి తెచ్చింది. ఆ సాగదీతలో పళ్లెం ఒక చేతినుంచి ఇంకో చేతికి, అలా అయిదుగురినీ చుట్టి వచ్చింది. పాట ముగియడమూ పళ్లెం కింద పెట్టడమూ ఒక్కసారే అయ్యాయి.

ఈ పాట ఈవిడదేనని చెప్పబోయింది హైమవతి. కనకాంబగారు ఆమె మణికట్టు మీద చెయ్యి వేసి నొక్కారు.

"ఇంకోసారి చెప్పమ్మా, పట్టుకుంటాను."

పట్టుకోబోయి తప్పారు. ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు.

"మామ్మగారికి సంగీతం కొత్తలా ఉందే. రేపట్నించి మా ఇంటికి రండి, నేర్పుతాను. గురుదక్షిణ కింద కొబ్బరి లౌజు తెచ్చెయ్యండి," అంది పాపాయమ్మ.

"బెల్లంతోనా, పంచదారతోనా?" అన్నారు కనకాంబగారు.

పీట మీది పిల్ల గాజులు గలగలమనేలా నవ్వింది. మూడోసారికి ఆవిడకి పాట పట్టుబడింది.

ఇంటికి రాగానే కనకాంబగారు పాత పుస్తకం తీశారు. తన స్వరాల వరస కొట్టేసి, కొత్త వరస రాసుకుని, పక్కన "పాపాయమ్మ అత్తగారి బాణీ" అని గుర్తు పెట్టారు. ఆవిడ ముఖంలో చిన్నపిల్లకి పండగ బట్టలు వచ్చినంత వెలుగు.

"ఆ చోటికి వచ్చేసరికి ఎప్పుడూ ఏదో వెలితిగా ఉండేది హైమా. రాగమంతా గాలించాను. పాట కట్టేటప్పుడు నా చేతిలో పుస్తకం ఉంది కానీ పళ్లెం లేదు కదా."

"అయితే ఎవరు మార్చినా బాగే అంటారా?"

"ఎవరన్నారు? రెండో చరణంలో ఒక మాట మింగేశారు వాళ్లు. అది మాత్రం నా పుస్తకంలోకి ఎక్కదు."

హైమవతి ఫోను తీసింది. మందాకిని పాట మళ్లీ పెట్టుకుని, ఈసారి తాళం వెయ్యకుండా చివరిదాకా వింది. ఆ చేర్చిన సంగతి దగ్గర పెదవి కొరుక్కుంది, తరవాత చిన్నగా తల ఊపింది. రాసి ఉంచుకున్న మాటలు తుడిచేసింది.

"ఆదివారం మీరూ వస్తారా అమ్మా? ముందు వరసలో చోటు పెట్టించనా?"

"వస్తాను. వెనక కూర్చుందాం," అన్నారు కనకాంబగారు. "ముందు వరసలో నువ్వు కనబడితే, ఆ పిల్ల నీకు నచ్చేలా పాడుతుంది."